పరుగు వ్యాసంలో అచ్చుకాని పేరా

2011 అక్టోబరు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. అప్పుడు నేను ఒక దినపత్రికకు జనగామ డివిజన్ స్టాఫ్ రిపోర్టర్‌ను. మహబూబాబాద్ నా పరిధిలోది కాదు. అయినా ఆ ఆదివారం ఉదయం మహబూబాబాద్ ఊరి బయట రోడ్డు మీద, మనిషి పరుగుకు సమంగా మోటార్ సైకిల్‌ను నెమ్మదిగా నడుపుతూ, పక్కనే పరుగెత్తుతున్న కాశీనాథం సేటును ఆగమని బతిమాలుతున్నాను.

సేటుకు నలభై ఎనిమిదేళ్లు. ఊళ్లో కిరాణా హోల్‌సేల్ దుకాణం. పాతికేళ్లుగా గద్దె మీద కూర్చుని వ్యాపారం చేసిన మనిషి. తెల్ల బనియను, మెడలో కండువా, కాళ్లకు కొత్త కాన్వాస్ బూట్లు. ఎడమ రొమ్ము కింద వేళ్లతో అదుముకుంటూ మూడో కిలోమీటరు దాటుతున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఎర్రగా కమిలి ఉంటే ఆయన ముఖం బూడిద పూసినట్టుంది.

“సేటూ, ఆగుండ్రి. నా మాటినుండ్రి. జర కూసోండ్రి” అన్నాను.

ఆయన జేబులోంచి మడత పెట్టిన జిరాక్స్ కాగితం తీసి నాకు చూపించాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

“ఆగొద్దని... మీరే రాస్తిరి గదనే అన్నా.”

వెనక నుంచి ఎవరో అరిచారు. “ఏయ్ బండీ! ఉరికెటోళ్లను ఆపుతవేంది? ఎవలు నువ్వు?” ఇంకొకడు బండి మీది స్టిక్కర్ చదివాడు. “పేపరోడు రా. ఆపమని పైకెళ్లి ఫోనొచ్చింది గావచ్చు.” నలుగురు నవ్వారు. ఒక అరచెయ్యి నా పెట్రోల్ ట్యాంకు మీద దభీమని పడింది.

సేటు ఇంకో నలభై అడుగులు వేసి ఉంటాడు. తర్వాత కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నవాడిలా అటూ ఇటూ చూశాడు. రోడ్డు అంచున మెల్లగా కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

ఆయన చేతిలోని కాగితం నేను రాసిన వ్యాసం. దాని కింద నా పేరుంది. సంగతి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే, పత్రికలో ఒక రచన ఎలా తయారవుతుందో, ఎలా కురచ అవుతుందో కొంచెం చెప్పాలి.

సమ్మె మొదలైన రెండు మూడు వారాలకు జిల్లాలో నిరసన రూపాలు మారాయి. రోడ్ల మీద వంటలు, మానవహారాలు అయిపోయాక పరుగులు వచ్చాయి. ఊరికో ఐక్య కార్యాచరణ కమిటీ, అంటే జేఏసీ. ప్రతి జేఏసీకి ఒక పరుగు. రెండు కిలోమీటర్లు, మూడు, అయిదు. బడికి వెళ్లే రోజుల తర్వాత ఎన్నడూ పరుగెత్తని వకీళ్లు, పంతుళ్లు, వ్యాపారులు, తహసీల్ గుమాస్తాలు ఒక్కసారిగా రోడ్డెక్కారు. జనగామలో జరిగిన మొదటి పరుగులో అర కిలోమీటరు దాటకముందే సగం మంది మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. నల్లకోటుతోనే పరుగెత్తిన ఒక వకీలు మైలురాయిని పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. కొత్తగా పరుగెత్తేవాళ్లకు ఊపిరి ఎలా తీసుకోవాలో, వేగం ఎలా పట్టాలో ఎవరైనా చెబితే బాగుండునని నాకు అప్పుడే తోచింది.

అదే వారం భూపాలపల్లి రిపోర్టర్ తన తండ్రికి ఒంట్లో బాగాలేక సెలవు పెట్టడంతో నన్ను నాలుగు రోజులు అక్కడికి పంపారు. బొగ్గు గనులు మూతపడి ఉన్నాయి. కార్మికులు ఉదయం పూట ఒక బడి మైదానంలో చేరి పరుగు సాధన చేస్తున్నారు. చెల్పూర్ దిక్కు రోడ్డు మీద వాళ్లు కూడా ఒక పరుగు పెట్టుకున్నారు. వాళ్లకు నేర్పుతున్నది ఆ బడి వ్యాయామోపాధ్యాయుడు రాజమొగిలి సారు. ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. బడికి తాళం ఉంది గానీ మైదానానికి తాళం ఉండదు కదా అనేవాడు.

నేను నోట్‌బుక్ తీస్తే ఆయన లోపల పెట్టమన్నాడు. “మీ పేపరోళ్లు ఉరికినోళ్లను జూసి రాసుడే గదా. ఇయ్యాల ఉరికి రాయిండ్రి” అని మైదానం చుట్టూ ఒక చుట్టు పరుగెత్తించాడు. చుట్టు పూర్తయ్యాక ఎదురుగా నిలబడి, నా పేరు, ఊరు, నాయిన పేరు ఒక్క ఊపిరిలో చెప్పమన్నాడు. పేరు చెప్పాను. ఊరు దగ్గరికి వచ్చేసరికి గాలి లేదు.

“సారుకు ఊరే లేదు పో!” అని కార్మికులు పడీపడీ నవ్వారు.

రాజమొగిలి సారు నవ్వలేదు. కొత్తవాడికి గడియారం అక్కర్లేదని, ఈ మూడు మాటలే కొలమానమని చెప్పాడు. ఒక్క ఊపిరిలో ఈ మూడూ చెప్పగలిగితే ఆ వేగం నీది. చెప్పలేకపోతే అది పక్కవాడి వేగం, వెంటనే తగ్గించాలి. మొదటి కిలోమీటరు అన్నిటికన్నా నిదానంగా పోవాలి. గుంపులో పరుగెత్తేవాడు చేసే తప్పంతా మొదటి కిలోమీటరులోనే చేస్తాడు, దాని ఫలితం మూడో కిలోమీటరులో అనుభవిస్తాడు.

తర్వాత నన్ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నా నోట్‌బుక్కే పొట్ట మీద పెట్టాడు. ఊపిరి పీలిస్తే నోట్‌బుక్ పైకి లేవాలి. ఛాతీ లేస్తే లెక్కలోకి రాదు. నా నోట్‌బుక్ చాలాసేపు కదలలేదు. సిగరెట్లు ఎన్నేళ్ల నుంచి అని అడిగాడు. చెప్పాను. మళ్లీ పీల్చమన్నాడు.

పడుకుని వచ్చిన ఊపిరిని నడకలోకి, నడక నుంచి పరుగులోకి తేవాలి. మూడు అడుగులకు లోపలికి, రెండు అడుగులకు బయటికి. వేగం పెరిగితే రెండుకు రెండు. ముక్కుతోనా నోటితోనా అని కొత్తవాళ్లు అడుగుతారట. రెండింటితోనూ. పీల్చడం గురించి బెంగ వద్దు, పూర్తిగా వదలడం నేర్చుకోవాలి. ఖాళీ చేస్తే దానంతటదే నిండుతుంది. భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు. గుప్పిట్లో కోడిగుడ్డు పట్టుకున్నంత సుతారంగా చేతులుండాలి. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. నడవడం ఓటమి కాదని ఆయన పదేపదే చెప్పాడు.

డొక్కలో పోటు సంగతి నేనే అడిగాను. చాలామంది దానికే భయపడి ఆగిపోతారు. అది మామూలేనని, వేగం తగ్గించి, వేళ్లతో అదిమి, ఊపిరి గట్టిగా వదులుతూ పోతే సర్దుకుంటుందని చెప్పాడు. చెప్పి, నా చేతిలోని నోట్‌బుక్‌ను వేలితో తట్టాడు.

“ఎట్ల ఉరకాల్నో సగం మందికి నేను జెప్పకున్నా వస్తది. ఎప్పుడు ఆగాల్నో రాయిండ్రి సారూ. రొమ్ముల బరువనిపిస్తే, జబ్బకో దవడకో నొప్పి లాగితే, సల్ల చెమటలు వోస్తే, కండ్లు తిరిగితే ఆగాలె. అది డొక్కల పోటు గాదు. నలుబయి దాటినోళ్లు, బీపీ షుగరున్నోళ్లు దవాఖానల సూపెట్టుకోకుంట ఉరకొద్దు. గిది రాయకుంటె తక్కిందేదీ రాయకుండ్రి.”

అన్నీ రాసుకున్నాను. ఆ సాయంత్రమే భూపాలపల్లిలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని వ్యాసం టైపు చేసి పంపాను.

మా వృత్తిలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. ముఖ్యమైనది పైన రాయాలి, తక్కువ ముఖ్యమైనది కింద రాయాలి. స్థలం చాలకపోతే పేజీ పెట్టే సబ్ ఎడిటర్ కింది నుంచి కోసుకుంటూ వస్తాడు. ఎక్కడ కోసినా వార్త నిలబడాలి. కొత్తగా చేరిన కంట్రిబ్యూటర్లకు, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపేవాళ్లకు, ఈ పాఠం నేనే చెప్పేవాణ్ని. అయితే వార్త వేరు, ఇలాంటి సలహా వ్యాసం వేరు. వ్యాసంలో ముందు పద్ధతి చెబుతాం, జాగ్రత్తలు చివర చెబుతాం. అది చేతికి పడిన అలవాటు. పత్రికతో పాటు వచ్చే జిల్లా అనుబంధాన్ని మేము టాబ్లాయిడ్ అంటాం; దాని ఇన్‌చార్జి నన్ను అరవై లైన్లు అడిగాడు. నేను ఎనభై దాటించాను. ఆఖరి పేరా ఇరవై లైన్లు. రాజమొగిలి సారు చెప్పిన హెచ్చరిక మొత్తం అందులోనే ఉంది. “అయితే” అనే మాటతో మొదలైంది.

మర్నాడు టాబ్లాయిడ్ చూశాను. వ్యాసానికి డెస్కులో పెట్టిన శీర్షిక “ఆగొద్దు.. ఉరుకుదాం”. శీర్షికలు రిపోర్టర్లు పెట్టరు, డెస్కు పెడుతుంది. పొట్ట మీద నోట్‌బుక్, కోడిగుడ్డు, మూడు అడుగుల లెక్క అన్నీ ఉన్నాయి. డొక్కలో పోటు పేరాతో వ్యాసం ముగిసింది. “కంగారుపడి ఆగవద్దు, వేళ్లతో అదిమి, ఊపిరి వదులుతూ సాగండి” అన్నది చివరి వాక్యం. దాని కింద ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన ఉంది.

టాబ్లాయిడ్ ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, పనిమంతుడు. “యాడ్ ఆఖరి నిమిషంల వచ్చిందన్నా. మీరే ఇరవై లైన్లు ఎక్కువ కొట్టిన్రు. ఆఖరి ‘అయితే’ పేరా ఎత్తేసిన. దాంట్ల ఏమున్నదే, డాక్టర్లు చెప్పే ముచ్చటే గదా” అన్నాడు. ఆయన చేసింది రోజూ చేసే పనే. రేపో ఎల్లుండో చిన్న సవరణ వేద్దామన్నాడు. సరేనన్నాను. గట్టిగా పట్టుబట్టలేదు. ఆ రోజు నాకు అది వ్యాసానికి జరిగిన అన్యాయంగానే కనిపించింది. ఒక మనిషికి ప్రమాదంగా కనిపించలేదు.

ఆరో రోజున కాశీనాథం సేటు ఫోన్ చేశాడు. అప్పటికి నేను జనగామ తిరిగొచ్చాను. చాలా ఏళ్ల కిందట మహబూబాబాద్‌లో, ఊరివాళ్ల మాటలో మానుకోటలో, కంట్రిబ్యూటర్‌గా ఉన్నప్పుడు ఆయన దుకాణం వెనక గదిలో అద్దెకున్నాను. ఆ చనువు పోలేదు.

“అన్నా, మీరు రాసింది మా షట్టరుకు అంటుపెట్టిన. మా వ్యాపారుల సంఘమోళ్లందరికి జిరాక్స్ దీపిచ్చిన. ఐతారం మన మానుకోటల అయిదు కిలోమీటర్ల పరుగున్నది. నేను గూడ ఉరుకుతున్న” అన్నాడు.

ఎందుకు సేటూ మీకు అని నవ్వుతూ అడిగాను. ఆయన గొంతు మారింది. వ్యాపారులు భయానికి షట్టర్లు దించారు గానీ ఉద్యమం మీద ప్రేమతో కాదని బజార్లో అంటున్నారట. మొన్న హోటల్ దగ్గర ఒకడు “సేటు తరాజు కాడికెళ్లి లేస్తే ముల్లు అటు మొగ్గుతది, లేవడు” అని, లాభం తప్ప ఆయనకేదీ పట్టదన్నట్టు, అందరి ముందు అన్నాడట. “గా అయిదు కిలోమీటర్లు ఉరికి సూపెట్టకుంటె నేను మల్ల బజార్ల తలెత్తుకోలేనన్నా” అన్నాడు.

తర్వాత సంతోషంగా తన సాధన సంగతి చెప్పాడు. “మొదట్ల రెండు నిమిషాలకే పోటొస్తుండె. ఆగుతుంటి. మీ పేపర్ జూసినంక ఆగుతలేను. ఏళ్లతోని అదుముకొని ఉరుకుతున్న.”

పోటు ఎక్కడ వస్తుందని అడిగాను.

“ఎడమ రొమ్ము కింద. జబ్బల దాక గుంజుతది. గంతే.”

నేను నిలబడి మాట్లాడుతున్నాను. కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని కూర్చున్నాను. అది డొక్కలో పోటు కాదని, వెంటనే దవాఖానకు పోయి గుండె పరీక్ష చేయించుకోమని, పరుగు మాట మరిచిపొమ్మని చెప్పాను. ఆఖరి పేరా కోసేశారన్న సంగతీ చెప్పాను. సేటు ఓపిగ్గా విన్నాడు.

“పేపర్ల ఒక తీరు, ఫోన్ల ఒక తీరా అన్నా? మీరు నా మీద ప్రేమతోని, పావురంతోని పరేషాన్ అయితున్నరు. అచ్చయింది అబద్ధమైతదా?”

ఇరవై ఏడేళ్లు అచ్చు మాటకు విలువ సంపాదించడానికే పనిచేశాను. ఆ విలువే ఇప్పుడు నా నోటి మాటను నమ్మనివ్వడం లేదు. ఆ మధ్యాహ్నం టాబ్లాయిడ్ ఇన్‌చార్జిని మళ్లీ పట్టుకున్నాను. రేపే సవరణ వేయాలన్నాను. ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ప్రతి మాటా గుర్తుంది. “అన్నా, సవరణ అంటే తప్పు అచ్చయితే ఇస్తం. ఇక్కడ అచ్చయిందాంట్ల తప్పు లేదు. అచ్చుకానిదానికి సవరణ ఎట్ల రాయాలె?” పత్రిక పద్ధతి ప్రకారం ఆయన అడిగింది సబబే. అలాంటి సవరణకు మా దగ్గర నమూనా లేదు.

శనివారం రెండుసార్లు ఫోన్ చేస్తే సేటు ఎత్తలేదు. మూడోసారి ఆయన భార్య అనసూయమ్మ ఎత్తింది. పొద్దున కూడా పరుగెత్తి వచ్చి గంటసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడని, అన్నం వద్దన్నాడని చెప్పింది. “నేను జెప్తె ఇంటడా? నీకేం దెలుసంటడు. రాసినోళ్లు మీరు. మీరే వచ్చి మొకాన చెప్పుండ్రి. మొకాన జెప్తె ఇంటడు” అంది.

ఆదివారం కోడికూతతో బయల్దేరాను. బస్సులు లేవు. జనగామ నుంచి పాలకుర్తి మీదుగా తొర్రూరు దాకా రోడ్డు ఖాళీగా ఉంది. అంత ఖాళీ రోడ్డు మీద అంత వేగంగా నేనెప్పుడూ బండి నడపలేదు. తొర్రూరు దాటాక మహబూబాబాద్ రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు పెట్టారు. ఎంత చెప్పినా వినలేదు. దంతాలపల్లి వైపు తిరిగాను. అది చుట్టుదారి. బండి మీద కూర్చుని ఆపకుండా లెక్కలు వేస్తున్నాను. ఏడు గంటలకు పరుగు. మొదటి కిలోమీటరు గుంపుతో నిదానంగానే పోతుంది. రెండో కిలోమీటరు ఆయన తట్టుకుంటాడు. మూడో దానికి నా లెక్క నడవలేదు.

దంతాలపల్లిలో రోడ్డు మీద వంటావార్పు. అంత పొద్దున్నే ఆడవాళ్లు రాళ్లు పెట్టి పొయ్యిలు అంటిస్తున్నారు. రెండు దుంగలు అడ్డం ఉన్నాయి. నా బండి మీది స్టిక్కర్ చూసి ఒక పడుచు పిల్ల, “ఏ పేపర్? మా ముచ్చట లోపలి పేజీల చిన్నగ ఏసెటోళ్లా?” అంది. పొయ్యి ఊదుతున్న ఒక అవ్వ తలెత్తి నా ముఖం చూసింది.

“ఎటు వోతున్నవ్ బిడ్డా? బందు గదా.”

“మానుకోటల ఒకాయనకు పానం మీదికొచ్చిందవ్వా. నేను వోయి ఆపాలె.”

“ఆని మొకం జూడుండ్రే, రగతం లేదు. దుంగ దీయిండ్రి” అంది అవ్వ. ఇద్దరు లేచి దుంగ పక్కకు జరిపారు.

నర్సింహులపేట దాటి, మహబూబాబాద్‌లో పరుగు మొదలయ్యే చోటికి చేరేసరికి అక్కడ జెండా కట్టెలు, నీళ్ల ప్యాకెట్లు మాత్రమే ఉన్నాయి. జనం వెళ్లిపోయారు. రోడ్డు వెంట ముందుకు పోయాను. వెనకబడినవాళ్లు నడుస్తున్నారు. వాళ్లలో సేటు ఉంటే బాగుండునని ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయాను. లేడు. “కిరాణం సేటా? ముందట్నే ఉన్నడు. మస్తుగ ఉరుకుతున్నడు” అని ఒకాయన మెచ్చుకోలుగా చెప్పాడు. నేను వేగం పెంచాను.

ఆ తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

సేటు ఒరిగిపోగానే చుట్టూ పరుగెత్తుతున్నవాళ్లు ఆగారు. నా ట్యాంకు మీద కొట్టిన యువకుడే ముందుగా వంగి ఆయన్ను లేపాడు. మైకు కట్టిన జీపు వెనక వస్తోంది. అందులో పడుకోబెట్టాం. డ్రైవర్‌కు రికార్డు ఆపాలన్న సంగతి గుర్తుకు రాలేదు. దవాఖాన గేటు దాకా నినాదాలు మోగుతూనే ఉన్నాయి. సేటు తల నా ఒళ్లో ఉంది. ఆయన ఏదో అంటున్నాడు. వినడానికి వంగితే, మూడు అడుగుల లెక్క చెప్పుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు. మళ్లీ ఒకటి.

దవాఖానలో సమ్మె ఉన్నా అత్యవసర విభాగం నడుస్తోంది. నల్లబ్యాడ్జీ పెట్టుకున్న డాక్టర్ పరుగున వచ్చాడు. గుండెపోటేనన్నాడు. సూది మందు ఇచ్చాడు. కుదుటపడితే వరంగల్ పంపాలి, కుదుటపడకపోతే పంపినా లాభం లేదన్నాడు. మధ్యలో ఎంతసేపు చూడాలో చెప్పలేదు.

వరండాలో నిలబడ్డాను. బయట జనం పెరిగారు. సేటును ఎవరో కొట్టారని కొందరు, ఒక పేపరోడు బండి అడ్డం పెట్టాడని కొందరు చెప్పుకుంటున్నారు. నాకు దూరంగా వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదంటే ధైర్యం వల్ల కాదు, బయటికి పోవాలంటే ఆ జనంలోంచే పోవాలి.

అనసూయమ్మ వచ్చింది. నర్సు సేటు వాచీ, ఉంగరం, పిడికిట్లోంచి తీసిన కాగితం ఆమె చేతిలో పెట్టింది. ఆమె గోడ పక్కన నిలబడి కాగితం విప్పింది. ఒక్కో లైను కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. రెండోవైపు తిప్పి చూసింది. అటు ఏమీ లేదు.

“ఆగాల్నని దీంట్ల ఏడున్నదన్నా?”

లేదమ్మా, నేను రాశాను, చోటు లేక కోసేశారని చెప్పాను.

“మరి మీరు రాసినట్టా, రాయనట్టా?” అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

పదకొండు దాటాక డాక్టర్ బయటికొచ్చి, తీసుకుపోవచ్చన్నాడు. వరంగల్ దాకా అంబులెన్స్ ముందు ఆ యువకుడూ అతని మిత్రులూ బండ్లేసుకుని పోయి అడ్డంకులు తీయించారు. సేటు బతికాడు. హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. కొన్ని నెలల తర్వాత మళ్లీ గద్దె మీద కూర్చున్నాడు. బజార్లో ఆయన్ను ఎగతాళి చేసేవాళ్లు ఆ తర్వాత లేరు. నాతో మాత్రం “పేపర్ల తప్పు లేదన్నా, నా గుండెలనే ఉన్నది” అంటాడు. నేను అలా అనుకోలేదు. గుండె రక్తనాళాల్లో అడ్డు పాతదేనని, అది ఆ రోజే ఎందుకు తిరగబడిందో చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

రాజమొగిలి సారుకు నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, “నేను జెప్పిన మాట మీరు ముందట రాస్తే ఎనకది కోసెటోళ్లు గదా” అన్నాడు. నేను కొత్తవాళ్లకు చెప్పే పాఠాన్నే ఆయన నాకు ఒక్క వాక్యంలో చెప్పాడు.

సవరణ కోసం మూడోసారి, టాబ్లాయిడ్ ఇన్‌చార్జికి పైనున్న ఎడిషన్ ఇన్‌చార్జి దగ్గరికే వెళ్లాను. ఆయన తలుపు వేసి కూర్చోమన్నాడు. ఇప్పుడు వేస్తే మనమే సేటును పడగొట్టినట్టు ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. ఉద్యమం వాళ్లు పరుగును బదనాం చేశారంటారు, ఉద్యమం గిట్టనివాళ్లు దాన్నే ఎత్తుకుని ఊరేగిస్తారన్నాడు. నేను భయపడినట్టే ఆయనా భయపడ్డాడు. నాది ఒక మనిషి గురించి, ఆయనది పత్రిక గురించి. సవరణ అచ్చు కాలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రెండు పద్ధతులు పాటించాను. మనుషులు తమ ఒంటితో చేయాల్సిన పని ఏది రాసినా, ఎప్పుడు ఆపాలన్నది రెండో పేరాలోనే పెట్టాను. డెస్కు ఎన్ని లైన్లు అడిగితే అన్నే పంపాను. రెండూ వృత్తిలో చేరిన ఏడాదే తెలియాల్సినవి. నాకు ఇరవై ఏడేళ్లు పట్టింది.

ఇంకొక్క సంగతి మిగిలింది. సేటు కోలుకున్నాక ఒకసారి, జిరాక్సులు ఎన్ని తీయించారని అడిగాను. లెక్క పెట్టలేదన్నాడు. సంఘం వాళ్లు వాటిని పక్క ఊళ్ల సంఘాలకు పంపారట. వాళ్లు అక్కడ మళ్లీ తీయించుకున్నారట. ఆ శీతాకాలమంతా ఎన్నో ఊళ్లలో పరుగులు జరిగాయి. వాటిలో ఎవరెవరి జేబుల్లో ఆ కాగితం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.